జాతకాలకు నెల మైల

ఆ రోజుల్లో కంప్యూటరుకి ఏ జబ్బు చేసినా వైరస్సే అనేవాళ్ళం. మౌసు కదలకపోతే వైరస్, కరెంటు హెచ్చుతగ్గులకి మానిటరు రెపరెపలాడితే వైరస్, ప్రింటరులో ఇంకు అయిపోయినా వైరస్సే. పిల్లలకి దిష్టి ఎలాగో కంప్యూటర్లకి వైరస్ అలాగ. కంటికి కనపడదు, తగిలిందని మాత్రం అందరికీ తెలిసిపోతుంది. ఆ దిష్టి తీసేవాటిలో ఊరికే దొరికేవేవి, డబ్బులిచ్చి కొనాల్సినవేవి, దేని చెయ్యి మంచిది అన్న చర్చలు ఇంటర్నెట్ సెంటర్లలో గంటల తరబడి జరిగేవి. ఇప్పటి పిల్లలకి ఆ బాధ లేదు. వాళ్ళు కొనే యంత్రాల్లో అదేదో పుట్టుకతోనే వస్తోంది. మొన్న మా అబ్బాయి "యాంటీవైరస్ అంటే టీకానా అమ్మా?" అని అడిగాడు. వాడికి చెప్పడం మొదలుపెట్టి, సగంలో నాకే నవ్వొచ్చి ఆపేశాను. ఆ కథ మొత్తం మీకు చెబుతాను. నా పరువు కాస్త పోతుంది, అయినా ఫరవాలేదు.

అప్పుడు నేను రాజమండ్రిలో పిన్ని వాళ్ళింట్లో ఉండి బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా సొంతూరు ఆత్రేయపురం దాటాక కాలవ గట్టున ఉన్న చిన్న ఊరు. నాన్నగారు పురోహితులు. చుట్టుపక్కల మూడు ఊళ్ళలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ముందు మంత్రసానికి, తరవాత నాన్నగారికి కబురు వచ్చేది. పుట్టిన ఘడియ రాసి పెట్టుకోవడం తాతగారి కాలం నుంచి మా ఇంటి ఆచారం. పొడుగాటి పుస్తకాల నిండా ఆ మూడు ఊళ్ళ పుట్టుకలే. చాలామందికి పుట్టిన వేళ కావాలంటే ఆ పుస్తకాలు తప్ప వేరే ఆధారం లేదు. తల్లులు "ఆవులు ఇంటికొచ్చే వేళ" అని చెబుతారు గానీ దాంతో లగ్నం కట్టలేం కదా. అలాంటి పుస్తకాలు ఒక ఏడాది వరద నీళ్ళలో తడిసి, సిరా అలుక్కుపోయింది. ఇంకా కొన్నాళ్ళు పోతే అసలేమీ మిగలదని, నేను రెండు వేసవి సెలవులు కూర్చుని, ఉన్నదంతా కంప్యూటరులోకి ఎక్కించాను. ఊళ్ళో నాకు "కంప్యూటరమ్మాయి" అని పేరొచ్చింది. ఆ పేరు వింటే మెడ కాస్త నిటారుగా అయ్యేది. ఇక తడిసిన ఆ పుస్తకాలని చిత్తుకాగితాలవాడికి వెయ్యడానికీ, పొయ్యిలో పెట్టడానికీ మనసొప్పక నాన్నగారు ఒక మంచిరోజు చూసి గోదావరిలో కలిపి వచ్చారు. (బ్యాకప్ ఎందుకు ముఖ్యమో పరీక్షలో నేను రెండు పేజీల జవాబు రాసిన సంవత్సరం అది. రేవు దాకా ఆ సంచీ మోసింది కూడా నేనే.)

అంచేత మూడు ఊళ్ళ జాతకాలూ మా ముందుగదిలో, పువ్వుల గుడ్డ కప్పుకుని కూర్చున్న ఆ ఒక్క కంప్యూటరులో ఉండేవి. జాతకాల ప్రోగ్రాము ఎవరి దగ్గర్నుంచి ఎవరి చేతులు మారి మా దాకా వచ్చిందో తెలియని ఒక సీడీలో వచ్చింది. అందరి వివరాలనీ ఒకే ఫైల్లో తన పొట్టలోనే దాచుకునేది. నాన్నగారు పొద్దున్నే స్నానం, సంధ్య అయ్యాక దాన్ని ఆన్ చేసి, లెక్క చూసుకుని, ఆ లెక్క తప్పేమోనని మళ్ళీ వేళ్ళ మీద వేసుకునేవారు. కొన్నాళ్ళకి పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లు, మండపాల వాళ్ళు పెన్‌డ్రైవులు తెచ్చి ఇందులో పెట్టి తియ్యడం మొదలైంది. దాంతో ప్రతి ఫోల్డరులోనూ "న్యూ ఫోల్డర్" అని ఒకటి, దాంట్లో ఇంకొకటి పుట్టడం మొదలుపెట్టాయి. నేను దీపావళి సెలవులకి ఇంటికి వెళ్ళగానే నాన్నగారు గుమ్మంలోనే చెప్పారు.

"అమ్మాయ్, ఆ కంప్యూటరులో ఏదో పిల్లల్ని పెడుతోందమ్మా. నిన్న ఏడున్నాయి, ఇవాళ పదిహేనున్నాయి. ఓసారి చూడు."

చూశాను. వైరస్సే. ఈసారి నిజంగానే వైరస్. యాంటీవైరస్ పెట్టాలి, డబ్బులక్కర్లేదు, ఊరికే దొరికేవి ఉన్నాయి అని చెప్పాను. "ఊరికే" అన్న ముక్క నాన్నగారికి నచ్చలేదు. దానాలు పుచ్చుకునే వృత్తి కనక, ఊరికే వచ్చేదాంతో పాటు ఇంకేమేం వస్తాయో ఆయనకి బాగా తెలుసు. పుచ్చుకున్నవాడు దాత దోషం కూడా పుచ్చుకున్నట్టే అని, దానికి ప్రాయశ్చిత్తంగా గాయత్రి చేసుకునే మనిషి ఆయన.

"మొహమైనా చూడనివాళ్ళు మనకి ఊరికే ఎందుకిస్తారమ్మా?"

"ఇళ్ళకైతే ఊరికే ఇస్తారు నాన్నగారూ. ఆఫీసులవాళ్ళు కొనుక్కోవాలి."

"మరి మనది ఇల్లా, ఆఫీసా? నేను జాతకం చూసి సంభావన పుచ్చుకుంటున్నాను కదా. ఇల్లని చెప్పి పుచ్చుకుంటే అబద్ధం కాదూ?"

నా మూడేళ్ళ చదువులో ఎవరూ అడగని ప్రశ్న అది. యాంటీవైరస్ పెట్టేముందు 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కే ఆ ఒప్పందాన్ని పూర్తిగా చదివిన మనిషి మా కాలేజీలో ఒక్కరూ లేరు. నెట్ సెంటరులో ఒకటి అచ్చు వేయించి తెచ్చి, నాన్నగారికి నేను తెలుగులో చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని, ఏదో ధర్మసూక్ష్మం వింటున్నట్టు విన్నారు. సంగతి తేలేలా లేదు. వంటింట్లోంచి అమ్మే తేల్చింది. "ఆ కంప్యూటరు నా పోపులడబ్బా ఉన్న గోడకి ఆనుకుని ఉందండీ. దాని నిండా నా కంది పచ్చడి ఘాటే. అది ఇల్లు కాకపోతే ఇంకేంటి?" అంది. నాన్నగారు ఒప్పుకున్నారు గానీ, దక్షిణ లేని దానం చెల్లదని ఒక తమలపాకులో వక్క, రూపాయి బిళ్ళ పెట్టి మానిటరు ముందు ఉంచారు. ఆ రూపాయి ఎవరికి చేరిందో నాకు తెలియదు.

రావులపాలెం నెట్ సెంటరులో ఒక పూటంతా కూర్చుని మూడింటిని సీడీలో ఎక్కించి తెచ్చాను. పేర్లెందుకులెండి. ఒకదానికి డాలు బొమ్మ, ఒకదానికి తాళంకప్ప బొమ్మ, ఒకదానికి గద్ద బొమ్మ ఉండేవి. ఇంటర్నెట్‌లో ఒక్కోచోట ఒక్కోదాన్ని పొగిడారు. ఇలా లాభం లేదని శాస్త్రీయంగా పరీక్షించి ఎంచుకుందామనుకున్నాను. శాస్త్రీయంగా అంటే, ఒకదాన్ని ఎక్కించి కంప్యూటరంతా వెతికించడం, ఎన్ని పట్టిందో కాగితం మీద రాసుకోవడం, దాన్ని తీసేసి రెండోదాన్ని ఎక్కించడం. డాలు బొమ్మది నాలుగు పట్టింది. తాళంకప్పది పదకొండు. గద్ద బొమ్మది మాత్రం ఒక్కొక్కటీ పట్టినప్పుడల్లా టింగుమని గంట కొడుతూ నూట నలభై ఏడు పట్టింది. నాకు ఒళ్ళు పులకరించింది. ఎక్కువ పట్టేదే గట్టిది కదా! (ఎక్కువ జబ్బులు చెప్పే డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళకూడదని తెలిసే వయసు కాదు.) గద్దనే ఖాయం చేశాను. ఏది కనపడితే ఏం చెయ్యాలని అది అడిగితే, "ప్రతిసారీ అడగకు, నీకు తోచింది చెయ్యి" అన్న బటను నొక్కాను. సెలవుల నుంచి వెనక్కి వెళ్ళాక నా స్నేహితురాళ్ళందరికీ గద్దనే పెట్టుకోమని గట్టిగా చెప్పాను కూడా.

సరిగ్గా గద్దని పెట్టిన రోజే, అంటే కార్తీక శుద్ధ విదియ మంగళవారం, నాన్నగారు జాతకాల ప్రోగ్రాము తెరవబోతే తెరుచుకోలేదు. అక్కడ బొమ్మే లేదు. గద్ద దాన్ని కూడా ఎత్తుకుపోయింది. వెతగ్గా వెతగ్గా, గద్ద గూట్లో "క్వారంటైన్" అన్న అరలో, మూడు ఊళ్ళ జనంతో సహా, క్షేమంగా కనపడింది. పక్కన ముప్ఫై రోజులు అని రాసి ఉంది. ఆ పదానికి అర్థం నాన్నగారికి ఎలా చెప్పాలో తెలియలేదు.

"పోలేదు నాన్నగారూ. దానికేదో అంటిందని అనుమానం. అందుకని వేరే గదిలో పెట్టింది. అది ఎవర్నీ ముట్టుకోదు, దాన్నెవరూ ముట్టుకోరు."

"అంటే మైల పట్టిందన్నమాట!" అన్నారు నాన్నగారు. కంప్యూటరు గురించి నేను చెప్పినవాటిలో ఆయనకి చెప్పీ చెప్పకముందే అర్థమైన మొదటి సంగతి అది. ఆయన మొహం విప్పారింది. "ఎన్నాళ్ళు?"

"ముప్ఫై రోజులని ఉందండి."

"నెల మైలా! మనకి పదిరోజులే. సరే, దాని ఆచారం దానిది."

కావాలంటే ఇప్పుడే బయటికి తీసుకురావచ్చు, ఇదిగో ఈ బటను నొక్కితే చాలు అని చూపించాను. నాన్నగారు ఆ బటను ఎక్కడుందో పంచాంగం అంచున బొమ్మ గీసుకున్నారు గానీ నొక్కనివ్వలేదు. "మైల తీరకుండా లోపలికి తెస్తే మిగతావాటికీ అంటుతుంది. నెల అయ్యాక శుద్ధి చేసి తెచ్చుకుందాం" అన్నారు. ఆలోచిస్తే అది నిజమే అనిపించింది. జబ్బు చేసినదాన్ని బయటికి వదిలితే అన్నిటికీ పాకుతుందని మా పుస్తకంలోనూ ఉంది. నెల తరవాత అదే శుద్ధి అయి బయటికి వస్తుందని ఆయన అనుకున్నారు. ఆయన అంత నమ్మకంగా అనడంతో నేనూ అలాగే అనుకున్నాను. చదువుకున్నదాన్ని నేను. కింద సన్నటి అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. అది చదవలేదు.

ఆ నెలంతా జాతకాల కోసం వచ్చినవాళ్ళకి నాన్నగారు ఒకటే మాట చెప్పారు. "జాతకాలు మైలలో ఉన్నాయండి, మార్గశిరంలో రండి." మూడు ఊళ్ళలో ఒక్కరు కూడా అదేంటని అడగలేదు! జాతకాలకి మైల ఏంటి, ఎవరు పోయారు, ఎవరు పుట్టారు అన్న ప్రశ్నే లేదు. "ఆయ్, అలాగేనండి" అని దండం పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళలో పూతరేకులావిడ ఒకావిడ. కుండ బోర్లించి, దాని మీద రేకు తీసి, ఆ పనితోనే కూతురిని పెంచిన మనిషి. ఆ పిల్లకి సామర్లకోట నుంచి మంచి సంబంధం వచ్చింది. పిల్లాడివైపువాళ్ళకి జాతకం పట్టింపు ఎక్కువ. పిల్ల ఇంట్లోనే పుట్టింది. పుట్టిన వేళ నాన్నగారి దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఒక ఆదివారం నేను ఇంటికి వచ్చినప్పుడు ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది.

"సామర్లకోటవాళ్ళకి చెప్పేనండి, జాతకం మైలలో ఉందని. సరే, తీరాకే పంపండి అన్నారండి. మంచోళ్ళండి, తొందర పెట్టలేదు. ఈ సంబంధం కుదిరితే చాలు తల్లీ, ఇంకేం అక్కర్లేదు నాకు" అంది నాతో. కుదురుతుంది లెండి అని పెద్దమనిషిలా భరోసా ఇచ్చాను.

మార్గశిరం వచ్చింది. గురువారం పొద్దున్న కాలేజీ ల్యాబులో కూర్చున్నాం. నిడదవోలు నుంచి రోజూ రైల్లో వచ్చే స్నేహితురాలు ఆ వేళ నాతో మాట్లాడలేదు. ఏంటే అని రెండుసార్లు అడిగితే, మూడోసారికి విరుచుకుపడింది.

"నువ్వు చెప్పావని మా ఇంట్లో ఆ గద్ద పెట్టేను. మా అన్నయ్య పెళ్ళి ఆల్బం పట్టుకెళ్ళి క్వారంటైన్‌లో పెట్టింది. సరే, ఉందిలే అనుకున్నాం. నిన్న చూస్తే లేదు. చిన్నవైతే ముప్ఫై రోజులు, ఆల్బం లాంటి పెద్దవైతే ఇరవై రోజులే ఉంచి, తరవాత అదే చెరిపేస్తుందిట. నీకు తెలీదా? అందరికీ పెట్టుకోమని చెప్పింది నువ్వే కదా!"

వేళ్ళ మీద లెక్కపెట్టాను. మంగళవారం పట్టింది. ఇవాళ గురువారం. ముప్ఫై. పొద్దున్నే నాన్నగారు కంప్యూటరు ఆన్ చేసే ఉంటారు. మధ్యాహ్నంలోపు మూడు ఊళ్ళ పుట్టుకలు చెరిగిపోతాయి. పుస్తకాలు చూస్తే గోదావరిలో ఉన్నాయి. ఇంట్లో ఫోను లైను పాడై వారమైంది. సెల్‌ఫోను నాన్నగారు ముట్టరు. పక్కింటివాళ్ళకి నాలుగుసార్లు చేశాను, ఎత్తలేదు. కడుపునొప్పి అని లెక్చరరుగారికి చెప్పి (అది చాలావరకు నిజమే) పరిగెత్తుకెళ్ళి బస్సెక్కాను.

ధవళేశ్వరం బ్యారేజీ మీద ఆ బస్సు అంత నెమ్మదిగా వెళ్ళడం ఎప్పుడూ చూడలేదు. ముందు ఎవరిదో గడ్డి బండి. నీళ్ళ వైపు చూడబుద్ధి కాలేదు. ఆ నీళ్ళలోనే కదా మా పుస్తకాలు కలిపింది. బొబ్బర్లంక దాటేసరికి, నాన్నగారికి ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుని నాలుగూ వదిలేశాను. వైరస్ తినేసిందని చెప్పొచ్చు, ఆయన నమ్ముతారు. అలా నమ్ముతారనే ఏడుపొచ్చింది. ఎప్పుడో ఒక రోజు ఎవరో వచ్చి "మా వాడు పుట్టిన వేళ చెప్పండి పంతులుగారూ" అంటే, జీవితంలో మొదటిసారి ఆయన "లేదు" అనాలి. పూతరేకులావిడ మళ్ళీ సామర్లకోటకి కబురు చెయ్యాలి. ఈసారి ఏమని చెబుతుంది?

బస్సు దిగి ఇంటికి పరిగెత్తాను. అరుగు మీద పూతరేకులావిడ, పక్కన అమ్మ. ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా ముందుగదిలోకి వెళ్ళి, కంప్యూటరు ముందు కూలబడి, గద్ద గూడు తెరిచాను. క్వారంటైన్ ఖాళీగా ఉంది. ఒక్క పేరు కూడా లేదు. అక్కడే మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చేశాను.

"ఏంటమ్మా, ఏమైంది? ఎవరైనా ఏమన్నా అన్నారా?" నాన్నగారి గొంతు కింద నుంచి వినపడింది. చూస్తే, గోడవార చాప మీద కూర్చుని, ఒళ్ళో కొత్త పొడుగు పుస్తకం పెట్టుకుని ఏదో రాస్తున్నారు. పక్కన ప్రింటరులోంచి వచ్చిన కాగితాల దొంతర.

"జాతకాలు..." అన్నాను. స్క్రీను మీద ఆ ఖాళీ అర చూపించాను.

"నిన్ననే తెచ్చేశానమ్మా. శుద్ధి చేసి, నువ్వు చూపించిన బటను నొక్కాను. 'దీన్ని నమ్ముతున్నారా' అనో ఏదో అడిగింది. డిక్షనరీ తీసి చూసుకున్నాను. తాతగారి నాటి జాతకాలు, నమ్మకపోవడమేంటి? అవునన్నాను. చక్కగా వచ్చేశాయి."

"నిన్ననా? నిన్నటికి ఇంకా ముప్ఫై రోజులు కాలేదు కదండీ!"

"నెల అయిందిగా. విదియ నాడు పట్టింది, నిన్న మళ్ళీ విదియ. నెల అయినట్టే" అన్నారు నాన్నగారు, నేను ఒకటో ఎక్కం మర్చిపోయినట్టు చూస్తూ.

అప్పటికి నాకు వెలిగింది. తిథి నుంచి తిథికి లెక్కవేస్తే ఆ నెల ఇరవై తొమ్మిది రోజులకే వచ్చింది. గద్ద గడియారం చూసుకుంటూ కూర్చుంది, నాన్నగారు పంచాంగం చూసుకున్నారు. ఒక్క రోజు తేడాలో మూడు ఊళ్ళు బయటపడ్డాయి. (ఆ ప్రోగ్రాముకి అసలు ఏ జబ్బూ లేదని, కాపీ సీడీలోది కనక గద్ద అనుమానపడిందని తరవాత తెలిసింది. నేను దగ్గరుంటే నమ్మనని నొక్కేదాన్నేమో!) మరి ఆ రాస్తున్నదేంటి అని అడిగాను.

"ఒకసారి మైల పట్టింది మళ్ళీ పట్టదని నమ్మకమేంటమ్మా? ఈసారి ఎన్నాళ్ళు పడుతుందో! అందుకని ఇంకో పుస్తకంలో ఎత్తి రాసి పెడుతున్నాను. కాగితాలు రెండువైపులా అచ్చు వేస్తే మంచిదా, ఒకవైపేనా?"

రెండు పేజీల జవాబు రాసి మార్కులు తెచ్చుకున్న నేను, చేయాల్సిన ఆ ఒక్క పనీ చెయ్యలేదు. నాన్నగారికి బ్యాకప్ అన్న మాట కూడా తెలియదు. అంతా చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే పూతరేకులావిడ గుమ్మంలోకి వచ్చి, రెండు చేతులతో పొట్లం అందించింది.

"సామర్లకోటవాళ్ళు సరేనన్నారండి! నిన్న మీరిచ్చిన జాతకం రాత్రే పట్టుకెళ్ళి చూపించామండి, కలిసిందని పొద్దున్నే కబురొచ్చిందండి. అంతా మీ అమ్మాయిగారి కంప్యూటరు చలవండి. తినమ్మా, నేతివి."

"మా అమ్మాయి ఆ యాంటీవైరస్‌ని మూడింటినీ చూసి చూసి ఎంచిందండి. మైల కూడా పాటిస్తుంది, అలాంటిది" అన్నారు నాన్నగారు. ఆయన గొంతులో అంత గర్వం తరవాత నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా వినలేదు. నేను పూతరేకు నోట్లో పెట్టుకున్నాను. ఎందుకేడ్చావమ్మా అని అమ్మ అడిగితే బస్సులో తల తిరిగిందని చెప్పాను.

ఆ అబద్ధం చాలా ఏళ్ళు నాతోనే ఉంది. నాకు ఉద్యోగం వచ్చి, పెళ్ళయ్యాక ఒకసారి మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్నగారికి జరిగిందంతా చెప్పేశాను. ఆ సన్నటి అక్షరాల సంగతి, చెరిపేసే సంగతి, బస్సులో ఏడ్చిన సంగతి. ఆయన విసనకర్రతో విసురుకుంటూ, "అయితే వాళ్ళ నెల మన నెల కంటే పెద్దదన్నమాట. ఆ సంగతి వాళ్ళకి ఎవరైనా చెబితే బాగుండును" అన్నారు. కోప్పడితే బాగుండేదని నాకు అనిపించింది.

ఇప్పుడు రాజమండ్రిలో ఒక ఆఫీసులో రోజూ సాయంత్రం బ్యాకప్ సరిగ్గా అయిందో లేదో చూడటం నా పని. ఒకటికి రెండుసార్లు చూస్తానని మావాళ్ళు ఆట పట్టిస్తారు. కొత్తగా చేరిన పిల్లలు నాకు అన్నీ తెలుసని అనుకుంటారు. అలా అనుకున్నప్పుడల్లా గుమ్మంలో పూతరేకు నములుతూ, తనది కాని మెప్పు పుచ్చుకుంటూ నిలబడ్డ ఆ ఇరవయ్యేళ్ళ అమ్మాయి గుర్తుకొస్తుంది. నిజం చెప్పడానికి దానికి ధైర్యం లేక కాదు. మూడు ఊళ్ళు నమ్మే మనిషి తనని నమ్ముతున్నాడు, ఆ నమ్మకం ఇంకొక్క రోజైనా ఉండనిద్దామనుకుంది. ఆ ఒక్క రోజు కాస్తా ఏళ్ళయింది. దాన్ని తిట్టాలని చాలాసార్లు అనుకుంటాను గానీ, ఇప్పటికీ నవ్వే వస్తుంది.